పన్నెండో కాపీ

ప్రాగ్‌లో ఉన్న ఆరేళ్ళలో నా ఒళ్ళు నిజంగా వెచ్చబడిన చోటు ఒక బాయిలర్ గది. వెనక సందులోంచి తొమ్మిది మెట్లు కిందికి దిగాలి. ఇనప తలుపు రెండుసార్లు కొట్టి, ఆగి, మళ్ళీ ఒకసారి కొట్టాలి. లోపల రెండు బాయిలర్లు, కప్పు దాకా బొగ్గు, ఒక పార, స్ప్రింగులు బయటికొచ్చిన సోఫా, గోడకి ఒక బల్బు. ఆ బల్బు కింద కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని గ్రీకు పుస్తకం చదువుకుంటూ ఒకాయన. గంటకోసారి లేచి, మీటరు చూసి, పది పన్నెండు పారల బొగ్గు లోపలికి విసిరి, చేతులు తుడుచుకుని మళ్ళీ పుస్తకం దగ్గరికి వచ్చేవాడు. మన ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్ చేసిన పనే అనుకోండి. కాకపోతే ఈ ఫైర్‌మన్‌కి తత్వశాస్త్రంలో డాక్టరేట్ ఉంది.

నేను ఆయన్ని "పాన్ దొక్టోర్" అనేవాణ్ణి, డాక్టరు గారు అని. వీధిలో అందరూ అలాగే పిలిచేవాళ్ళు. చెక్ వాళ్ళకి బిరుదుల పిచ్చి మనకంటే ఎక్కువ. ఇంజనీరుని "ఇంజనీరు గారూ" అనే పిలుస్తారు, పేరుతో పనిలేదు. ఆయన ఉద్యోగం పీకేసినవాళ్ళకి ఆ పిలుపు పీకెయ్యడం మాత్రం చేతకాలేదు. చేతుల నిండా మసితో బ్రెడ్ షాపులోకి వెళ్తే కూడా "నమస్కారం డాక్టరు గారూ, ఏం కావాలి?" అని అడిగేవాళ్ళు.

ఆయన కథ అప్పటి చెకోస్లొవేకియాలో కొత్తదేం కాదు. 1968లో దుబ్చెక్ నాయకత్వంలో అక్కడి కమ్యూనిస్టు పార్టీ కాస్త గాలి ఆడనిద్దామనుకుంది. మానవ ముఖం ఉన్న సోషలిజం అన్నారు. ఆగస్టు 20 రాత్రి సోవియట్ ట్యాంకులు, మరికొన్ని వార్సా కూటమి దేశాల సైన్యాలు సరిహద్దులు దాటి వచ్చాయి. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో గుస్తావ్ హుసాక్ పార్టీ పగ్గాలు పట్టుకున్నాడు. 1970లో పార్టీ సభ్యులందరినీ ఒక్కొక్కరినీ పిలిచి ఒక ప్రశ్న అడిగారు, సోదర దేశాల సాయాన్ని, అంటే ఆ ట్యాంకుల రాకని, సమర్థిస్తున్నావా లేదా అని. పాన్ దొక్టోర్ అప్పటికి ఇరవయ్యేళ్ళుగా పార్టీ మనిషి.

"మీరేం చెప్పారు?" అని అడిగాను.

"తల అడ్డంగా ఊపాను. నోరు తెరిచే ధైర్యం లేదు ఆ రోజు."

ఆ తల ఊపడంతోనే కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం పోయింది. కిటికీలు తుడిచాడు, కట్టుబడి పనుల దగ్గర రాత్రి కాపలా కాశాడు, చివరికి బాయిలర్ దగ్గరికి వచ్చాడు. పని లేకుండా ఇంట్లో కూర్చోవడానికి కుదరదు. పౌర గుర్తింపు పుస్తకంలో ఎక్కడ పని చేస్తున్నావో ముద్ర ఉండాలి, లేకపోతే సోమరిపోతు బతుకు బతుకుతున్నాడని కేసు. పని ఇవ్వని వాళ్ళే పని లేదని జైల్లో పెట్టొచ్చు. అందుకే పెద్ద చదువులవాళ్ళు చాలామంది బాయిలర్ గదుల్లో తేలారు. తరవాత విదేశాంగ మంత్రి అయిన యిర్షీ దీన్‌స్ట్‌బీర్ అప్పట్లో బాయిలర్‌కి బొగ్గు వేసేవాడు, కార్డినల్ అయిన మిలోస్లావ్ వ్లక్ ప్రాగ్‌లో కిటికీలు తుడిచేవాడు. మా కాలేజీ కంటే ప్రాగ్ బాయిలర్ గదుల్లోనే డాక్టరేట్లు ఎక్కువని మా హాస్టల్లో జోకు.

ఇక నేను అక్కడికి ఎలా చేరానో చెప్పాలి. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. నాన్న పాతకాలపు కమ్యూనిస్టు. 1948, 49 నిర్బంధం రోజుల్లో అజ్ఞాతంలో ఉన్నాడు. సైక్లోస్టైల్ మిషన్‌ని గోనెసంచిలో చుట్టి గడ్డివాములో దాచి, రాత్రిళ్ళు కరపత్రాలు తీసి తెల్లారేలోపు మూడు ఊళ్ళు తిరిగి పంచిన కథ నేను కనీసం వందసార్లు విన్నాను. ప్రతిసారీ ఒక ఊరు పెరిగేది. మా ఇంట్లో నా స్కూలు పుస్తకాలన్నిటికీ 'సోవియట్ భూమి' పేజీలే అట్టలు. ఆ నున్నటి కాగితం మీద గోధుమ చేలు, నవ్వే ట్రాక్టర్ డ్రైవరమ్మాయి. లెక్కల పుస్తకం తెరిచినప్పుడల్లా ఆ పిల్ల నవ్వేది. స్కాలర్‌షిప్ వచ్చిందని తెలిసిన రోజు నాన్న ఊరంతా స్వీట్లు పంచాడు. 1983 సెప్టెంబరులో వెళ్ళాను. మొదటి ఏడాది పోదెబ్రాడీ అనే ఊళ్ళో భాష నేర్పారు, ఏటి ఒడ్డున ఒక పాత కోటలో. ఆ తరవాత ప్రాగ్, స్ట్రాహోవ్ కొండ మీది హాస్టలు.

భాష దగ్గరే పరిచయం మొదలైంది. చెక్‌లో ఏడు విభక్తులు. మిగతా దేశాల పిల్లలు తలలు పట్టుకుంటుంటే, నేను మాత్రం డు ము వు లు ప్రథమా విభక్తి అని బట్టీ పట్టి పెరిగినవాణ్ణి కదా, సంబోధన ప్రథమతో సహా అన్నీ తెలిసిన చుట్టాల్లాగే కనిపించాయి. నోరు మాత్రం తిరిగేది కాదు. అచ్చు లేకుండా నాలుగు హల్లులు వరసగా పలకాలంటే మన నోటికి ఎక్కడో ఒక ఉకారం కావాలి. ఎవరో సీనియరు ఒకావిడ పేరు చెప్పాడు. ఇంట్లో ట్యూషన్ చెబుతుంది, తక్కువే తీసుకుంటుంది, కానీ ఎక్కడా అనకు అన్నాడు. ఎందుకు అనకూడదో అప్పుడు అడగలేదు. ఆవిడే పాన్ దొక్టోర్ భార్య. ఒకప్పుడు ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దేది. నేను వెళ్ళేనాటికి లాండ్రీలో లెక్కలు రాస్తోంది.

మొదటి రోజు పాఠం మధ్యలో ఆవిడ సొరుగులోంచి పిల్లలాడుకునే పలక ఒకటి తీసింది. పైన పల్చటి పొర ఉంటుంది, పుల్లతో రాస్తే అక్షరాలు కనిపిస్తాయి, పొర ఎత్తితే చెరిగిపోతాయి. దాని మీద రాసింది: "మా ఆయన ఎవరో నీకు తెలుసా?" తెలియదన్నాను, నోటితోనే. ఆవిడ వేలు పెదాల మీద పెట్టుకుని పైకప్పు వైపు చూపించింది, అక్కడ మైకు ఉండొచ్చని. మళ్ళీ రాసింది: "చార్టర్ మీద సంతకం చేశాడు. భయమైతే ఇకనుంచి రావద్దు. మేమేం అనుకోం." పొర ఎత్తేసింది. చర్రున చప్పుడైంది. నేను టీ తాగేసి, చతుర్థీ విభక్తి పూర్తిచేసి, హాస్టల్‌కి వచ్చి రాత్రంతా నిద్ర పోలేదు.

చార్టర్ అంటే చార్టర్ 77. తమ దేశం సంతకం పెట్టిన హెల్సింకీ ఒప్పందంలో మానవ హక్కుల గురించి ఏం రాసి ఉందో దాన్ని మీరే పాటించండి అని ప్రభుత్వాన్ని అడిగిన కాగితం. 1977 జనవరిలో బయటికొచ్చింది. మొదటి ప్రతినిధులు ముగ్గురు: నాటకకర్త వాట్స్లావ్ హావెల్, పాత విదేశాంగ మంత్రి యిర్షీ హాయెక్, తత్వవేత్త యాన్ పాటోచ్కా. చదివితే వినతిపత్రంలాగే ఉంటుంది, మన తహసీల్దారుకి ఇచ్చే అర్జీలాగ. దాని మీద సంతకం పెట్టినందుకు జనం ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, కొందరు జైలుకి వెళ్ళారు. అరవై తొమ్మిదేళ్ళ పాటోచ్కా ఆ మార్చిలోనే, గంటల తరబడి జరిగిన విచారణల తరవాత చనిపోయాడు. ఆయన అంత్యక్రియలకి పాన్ దొక్టోర్ వెళ్ళాడు. పైన హెలికాప్టర్ తిరుగుతోందట, పక్కనున్న మైదానంలో మోటార్‌సైకిళ్ళ రొద. పాదిరీ గారి నోరు కదలడం కనిపించింది గానీ మాట వినిపించలేదన్నాడు. నాకు మా మేనమామ జావా బండి గుర్తొచ్చింది. ఊళ్ళో అది వస్తుంటే పిల్లలం వెంట పరిగెత్తేవాళ్ళం. ఆ బండి పుట్టింది చెకోస్లొవేకియాలో. బాటా చెప్పులు పుట్టిన జ్లీన్ ఊరు కూడా అక్కడే, అప్పట్లో దాని పేరు గోట్వాల్డోవ్. ఇవన్నీ గొప్పగా చెబుదామనుకునే వెళ్ళాను, చెప్పాను కూడా. ఆయన మర్యాదగా విన్నాడు.

భయపడ్డాను గానీ మళ్ళీ గురువారం వెళ్ళాను. ధైర్యం కాదు. ముందే డబ్బు ఇచ్చేశాను, పైగా ఆవిడ చేసే యాపిల్ పేస్ట్రీ బాగుండేది.

అసమ్మతివాదులు అని పేపర్లో చదివితే మనకి సభలు, నినాదాలు, పిడికిళ్ళు గుర్తొస్తాయి. నేను చూసింది వంటింటి పని. ముఖ్యంగా టైపు. అక్కడ నిషేధించిన రాతలు అచ్చయ్యేవి కావు, టైపు అయ్యేవి. డూప్లికేటర్ మిషన్ల మీద ప్రభుత్వం కన్ను ఉండేది, మామూలు మనిషికి దొరికేవి కావు. కాబట్టి ఉల్లిపొరలాంటి కాగితం, మధ్య మధ్య కార్బన్, ఒక్క దెబ్బకి పది పన్నెండు కాపీలు. వినడానికి సులువుగా ఉంటుంది. పన్నెండు కాగితాలు, పదకొండు కార్బన్లు చివరలు సరిగ్గా కలిసేలా బల్ల మీద తట్టి, జారిపోకుండా రోలర్‌లోకి ఎక్కించడానికే ఆవిడకి రెండు నిమిషాలు పట్టేది. అడుగు కాపీ మీద అక్షరం పడాలంటే వేలితో నొక్కితే చాలదు, పొడవాలి. కుడిచేతి చూపుడువేలికి ఎప్పుడూ ప్లాస్టర్ చుట్టుకునేది. చెక్ అక్షరాల నెత్తిన గీతలు, చిన్న చిన్న టోపీలు ఉంటాయి. అవి పన్నెండో కాపీలో అలుక్కుపోతే మాటే మారిపోతుంది, అందుకని చివర్లో వాటిని పెన్నుతో ఒక్కొక్కటీ దిద్దేది. తప్పు పడిందా, పన్నెండు కాగితాల్లోనూ దిద్దాలి.

మిషన్ కింద నాలుగు మడతల దుప్పటి, దుప్పటి కింద పాత దిండు. అయినా చప్పుడు పోదు. కింది అంతస్తులో ఒక ముసలావిడ ఉండేది, ఆ బిల్డింగ్ బాగోగులు చూసే మనిషి. ఎవరింటికి ఎవరొచ్చారో ఆవిడకి తెలియకుండా జరగదు, తెలిసింది ఎక్కడికి చేరుతుందో అందరికీ తెలుసు. కాబట్టి టైపు వేళలు ఆ ముసలావిడ దినచర్య ప్రకారం ఉండేవి. ఆవిడ టీవీ సీరియల్ పెట్టినప్పుడు మొదలు, అయిపోగానే బంద్. అదే ముసలావిడ క్రిస్మస్‌కి వారం ముందు స్వయంగా చేసిన బిస్కెట్లు పళ్ళెం నిండా పట్టుకొచ్చి ఇచ్చేది. వీళ్ళూ తిరిగి ఇచ్చేవాళ్ళు. ఆ బిస్కెట్లు నేనూ తిన్నాను, వెనిల్లా పొడి చల్లిన అర్ధచంద్రాలు, చాలా బాగుండేవి.

వాడిన కార్బన్ పేపర్‌తో ఇంకో చిక్కుంది. దాన్ని కిటికీకి అడ్డంగా పట్టుకుంటే టైపు చేసినదంతా చదవొచ్చు. అందుకే చెత్తబుట్టలో వెయ్యకూడదు. వారానికోసారి పాన్ దొక్టోర్ టిఫిన్ సంచిలో, బ్రెడ్డు కింద ఆ నల్లకాగితాలు బాయిలర్ గదికి వెళ్ళేవి. ఆయన బాయిలర్ తలుపు తీసి ఒక్కొక్కటే వేసేవాడు. కట్టగా వేస్తే మధ్యవి కాలవట. కార్బన్ మండేటప్పుడు మంట అంచు ఒక్క క్షణం పచ్చగా అయ్యేది, మైనం వాసన. "నా ఉద్యోగంలో నచ్చింది ఇదే" అనేవాడు, "రచయితకి సొంత కొలిమి ఉండాలి."

ప్రతి కాపీ మొదటి పేజీలో ఒక వాక్యం ఉండేది: ఈ రాతప్రతిని ఇకపై నకలు చేయడం ఖచ్చితంగా నిషేధం. నాకు మొదట అర్థం కాలేదు, నకళ్ళ కోసమే కదా ఇంత కష్టం! ఇది ప్రచురణ కాదు, మిత్రులకి చూపించే సొంత రాతప్రతి మాత్రమే అని రేపు ఎక్కడైనా వాదించుకోవడానికట. ఆ వాక్యం చదివిన ప్రతివాడూ ఇంటికెళ్ళి ఇంకో పన్నెండు కాపీలు తీసేవాడు.

కార్బన్ షాపుల్లో దొరకదని కాదు. ఎక్కువ కొంటే కంట్లో పడతారు. ఒక షాపులో పది, ఇంకో పేటలో పది కొనాలి. 1986 వేసవిలో నేను ఇంటికి వస్తుంటే ఆవిడ పలక మీద రాసింది: "మీ దేశంలో కార్బన్ ఎలా ఉంటుంది?" తిరుగు ప్రయాణంలో హైదరాబాద్‌లో ఆబిడ్స్‌లో రెండు డబ్బాలు కోరెస్ కార్బన్ కొన్నాను. వాటి మీద ఆవకాయ సీసా, దాని చుట్టూ లుంగీలు. ప్రాగ్ విమానాశ్రయంలో కస్టమ్స్ అతను సీసా మూత తీసి వాసన చూసి, కళ్ళలో నీళ్ళు తిరిగి, పెట్టె మొత్తం మూసెయ్యమన్నాడు. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ ఆ నాలుగు నిమిషాల టెన్షన్ నాకింకా గుర్తే. ఆవిడకి మన కార్బన్ నచ్చింది, అక్షరం ముదురుగా పడుతుందంది. ఆవకాయ పాన్ దొక్టోర్‌కి నచ్చింది. ఉడకబెట్టిన బంగాళాదుంపల్లో నంజుకునేవాడు, ఊపిరి పీల్చుకుంటూ.

వాళ్ళకో కూతురు, నేను వెళ్ళేటప్పటికి పద్నాలుగేళ్ళు. అక్కడ మార్కులు తిరగేసి ఉంటాయి. ఒకటి వస్తే ఫస్టు, ఐదు వస్తే ఫెయిలు. ఆ అమ్మాయికి అన్నీ ఒకట్లే. పై చదువుకి దరఖాస్తు పెడితే సీట్లు లేవని ఒక్క వాక్యం ఉత్తరం వచ్చింది. సీట్లు ఎందుకు లేవో ఇంట్లో అందరికీ తెలుసు. పూలమొక్కల పని నేర్చుకోవడానికి వెళ్ళింది. ఒకరోజు నా ముందే తండ్రిని అడిగింది: "సంతకం పెట్టేటప్పుడు నేను గుర్తొచ్చానా?" ఆయన చాలాసేపటికి "గుర్తొచ్చావు" అన్నాడు. ఆ అమ్మాయి ఇంకేం అనలేదు, మట్టి గోళ్ళు కడుక్కోవడానికి లేచి వెళ్ళింది. ఆ ఇంట్లో నేను చూసినవాటిలో చూడలేకపోయింది అదే. విచారణలకి, సోదాలకి వాళ్ళ దగ్గర జోకులుండేవి. దీనికి లేవు.

తలుపు పక్కన కొక్కేనికి ఒక సంచి వేలాడేది. టూత్‌బ్రష్, సబ్బు, ఉన్ని మేజోళ్ళు, సిగరెట్లు, చిన్న టవలు. కేసు పెట్టకుండా 48 గంటలు పట్టుకెళ్ళి ఉంచుకునే వీలుంది వాళ్ళకి. ట్యాంకులు వచ్చిన రోజు ఆగస్టు 21 దగ్గర పడ్డా, పెద్ద విదేశీ అతిథి ఎవరైనా ఊళ్ళోకి వస్తున్నా ఆ సంచికి పని పడేది. రెండు రోజులుంచి వదిలేసేవారు. ఆవిడకి అది ఎంత అలవాటంటే, ఆయన్ని తీసుకెళ్ళిన రోజు బాయిలర్ దగ్గర డ్యూటీకి ఎవర్ని పంపాలో చూసుకునేది ముందు. మంట ఆరిపోతే మూడు బిల్డింగుల వాళ్ళు చలికి వణకాలి. తిట్లు మాత్రం ఈయనకే.

అందరూ ఇలా బతికారని అనుకోకండి. కోటిన్నర జనాభా ఉన్న దేశంలో చివరిదాకా చార్టర్ మీద సంతకం పెట్టినవాళ్ళు 2,000 కూడా లేరు. మిగతావాళ్ళు శుక్రవారం మధ్యాహ్నం పని ఎగ్గొట్టి, కారులో ఊరి బయట చిన్న కుటీరానికి వెళ్ళి, పుట్టగొడుగులు ఏరుకుని, బీరు తాగి ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేవారు. ప్రభుత్వం దగ్గర దొంగిలించనివాడు ఇంటివాళ్ళని దోచుకున్నట్టే అని అక్కడ సామెత. రోడ్డు మీద పడుకున్న మనిషిని నేను చూడలేదు, జ్వరం వస్తే డాక్టరు డబ్బు అడగలేదు, ట్రాము టికెట్టు ఒక్క క్రౌను. నాన్నకి రాసిన ఉత్తరాల నిండా ఇవే. అబద్ధం ఒక్కటీ రాయలేదు. నిజం కూడా ఒకటే రకం రాశాను. ఉత్తరాలు విప్పి చదువుతారని నాకు నేను చెప్పుకున్న సాకు. విప్పకపోయినా రాసేవాణ్ణి కాదు. ఎమర్జెన్సీని కూడా సమర్థించిన పార్టీ నాన్నది. ఆయనతో ఆ వాదన నేను ఇండియాలోనే గెలవలేదు, నీలిరంగు ఎయిర్ మెయిల్ కాగితం మీద ఏం గెలుస్తాను?

1986 మే డే సంగతి చెప్పాలి. ఏప్రిల్ 26న చెర్నోబిల్ పేలింది. పేపర్లో మూలన నాలుగు లైన్లు వచ్చాయి, కంగారు పడాల్సింది లేదని. 30 రాత్రి నేను బాయిలర్ గదికి వెళ్తే పాన్ దొక్టోర్ రేడియోకి చెవి ఆనించి కూర్చున్నాడు. పశ్చిమం నుంచి వచ్చే ఫ్రీ యూరోప్ రేడియో వినబడకుండా ప్రభుత్వం ఎప్పుడూ పెట్టే గుర్రుగుర్రు జామింగ్ మధ్య ముక్కలు ముక్కలుగా వినబడుతోంది. పాలు తాగకు, ఆకుకూర తినకు, రేపు వీలైతే గదిలోనే ఉండు అన్నాడు. మర్నాడు పొద్దున లెత్నా మైదానంలో ఊరేగింపు. విదేశీ విద్యార్థులం హాజరు పడాలి. వెళ్ళాను. చేతిలో కాగితం జెండా. ఎండ బాగుంది, పిల్లలు తండ్రుల భుజాల మీదెక్కి బెలూన్లు ఊపుతున్నారు. వాళ్ళలో ఎంతమందికి తెలుసో అని చుట్టూ చూశాను. తెలిసినవాణ్ణి నేనూ జెండా ఊపుతున్నాను కదా.

ఇంకొకటి కూడా ఉంది, చెప్పడానికి సిగ్గుగానే ఉంటుంది. మా ఇండియన్ పాస్‌పోర్టులకి పశ్చిమానికి వెళ్ళడం వాళ్ళంత కష్టం కాదు. సెలవులకి వియన్నా వెళ్ళి జీన్స్, క్యాలిక్యులేటర్లు తెచ్చి అమ్ముకునేవాళ్ళం. ఒకసారి బయల్దేరుతుంటే ఆవిడ పలక మీద రాసింది: "ఒక కవరు. వియన్నాలో పోస్టులో వేస్తే చాలు." చాలాసేపు పలక వైపే చూశాను. ఆవిడే పొర ఎత్తేసింది. చర్రుమంది. "ఈ వారం షష్ఠీ విభక్తి చూద్దాం" అని పుస్తకం తెరిచింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు, నా మీద ప్రేమా తగ్గలేదు. ఆ ట్రిప్పులో మూడు జతల జీన్స్ తెచ్చాను.

ఆ పాలన కూలిన 1989 నవంబరు గురించి అందరూ రాశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. 17న ఊరేగింపులో విద్యార్థుల్ని పోలీసులు కొట్టారు, వారం తిరిగేసరికి వాట్స్లావ్ చౌరస్తాలో లక్షల మంది తాళంచెవులు ఊపుతున్నారు. నా హాస్టల్ గది తాళంచెవి ఒక్కటే ఉంటే దాన్నే ఊపాను. ఒక్క చెవి మోగదు కాబట్టి పక్కాయన తన గుత్తిలోంచి రెండు తీసి ఇచ్చాడు. పాన్ దొక్టోర్ మాత్రం చాలా రోజులు రాలేకపోయాడు, డ్యూటీ మార్చుకునేవాళ్ళు దొరక్క. అందరూ చౌరస్తాలోనే ఉన్నారు. 27న పన్నెండు నుంచి రెండు దాకా దేశమంతా సమ్మె. ఆ రోజు పొద్దున్నుంచీ ఆయన లెక్క వేసుకుంటున్నాడు. పదకొండున్నరకి రెండు బాయిలర్లలోనూ నిండా బొగ్గు వేసి, గాలి తగ్గించి, మంటని బూడిదతో కప్పి, "రెండున్నర దాకా ఆగుతుంది" అని చొక్కా మార్చుకున్నాడు. పన్నెండేళ్ళు ఎదురుచూసిన సమ్మెకి వెళ్ళి, రెండుంపావుకల్లా తిరిగొచ్చి పార పట్టుకున్నాడు. డిసెంబరు 29న హావెల్ అధ్యక్షుడయ్యాడు. ఆ రాత్రి కూడా ఆయనకి డ్యూటీయే.

రహస్య పోలీసులు రాసిపెట్టిన ఫైళ్ళ సంగతి చాలా తరవాత. ఎవరి ఫైలు వాళ్ళు చూసుకోవచ్చని 1996లో చట్టం వచ్చాక ఆయన వెళ్ళి చదివొచ్చాడు. నాకు ఉత్తరం రాశాడు, ఈసారి విప్పేవాళ్ళు లేరు కాబట్టి నాలుగు పేజీలు. అందులో నేనూ ఉన్నానట: "నల్లని విదేశీయుడు, బహుశా అరబ్బు, ప్రతి గురువారం వస్తాడు, సీసాలో ఎర్రని పదార్థం తెచ్చాడు." ఆవకాయ రహస్య పోలీసుల రికార్డులకెక్కడం మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. చెప్పినవాళ్ళెవరో ఆయనకి తెలిసింది. కింది ముసలావిడ కాదు, అంతవరకే రాశాడు. నేనూ అడగలేదు.

నేను తిరిగొచ్చింది 1990 జూన్‌లో. ఆవిడ నాకు ఒక బొత్తి ఇచ్చింది, పాన్ దొక్టోర్ రాసిన వ్యాసం, నలభై పేజీలు, నూలు దారంతో కుట్టింది. "మంచి కాపీలన్నీ వెళ్ళిపోయాయి, ఇది పన్నెండోది" అని నొచ్చుకుంది. గుడివాడ ఇంట్లో పెట్టె విప్పుతుంటే నాన్న వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఆ ఏడాదిలో ఆయన బాగా ముసలాడైపోయాడు. బెర్లిన్, బుకారెస్ట్, ప్రాగ్, ఒక్కో పేరూ రేడియోలో విన్న ప్రతిసారీ కట్టేసి బయటికి వెళ్ళేవాడని అమ్మ చెప్పింది. నేనా బొత్తిని లుంగీ కిందికి తోసేశాను. ఆయన చూశాడు.

"ఏంటది?"

ఇచ్చాను. అది ఎవరిదో, ఎలా టైపు చేసేవాళ్ళో, బాయిలర్, పలక, 48 గంటల సంచి, అన్నీ చెప్పాను. ఆరేళ్ళ ఉత్తరాల్లో రాయనిదంతా ఒక్క మధ్యాహ్నం. ఆయన అడ్డు రాలేదు. మొదటి పేజీలో ఆ వాక్యం ఏమిటని అడిగితే చదివి చెప్పాను, ఇకపై నకలు చేయడం ఖచ్చితంగా నిషేధం అని. మీసాల్లో నవ్వాడు. కాగితం చివర బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూశాడు, కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు. అలుక్కుపోయిన అక్షరాలు, వాటి మీద ఆవిడ పెన్నుతో దిద్దిన చిన్న చిన్న టోపీలు.

"ప్రతి పేజీ ఇలాగే కొట్టిందా ఆవిడ?"

"ప్రతి పేజీ."

చాలాసేపు అలాగే పట్టుకుని, జాగ్రత్తగా మడతలు సరిచేసి నా చేతికిచ్చాడు.

"మేమే నయంరా," అన్నాడు. "మాకు సైక్లోస్టైల్ ఉండేది."